ముప్పై ఒక్క అతుకులు

మంగళగిరి,
3 ఫిబ్రవరి 2025

చిరంజీవి మాధురికి,

పిన్ని వెంకటరావమ్మ దీవెనలు. ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. నా చెవుల సంగతి నీకు తెలిసిందే. కుడిది పూర్తిగా పోయింది. ఎడమది, మనిషి ఎదురుగా నిలబడి అరిస్తే వింటుంది. ఫోను పెట్టుకుంటే అవతల నువ్వు మాట్లాడుతున్నావో మిక్సీ తిరుగుతోందో తెలియదు. మెసేజీలు కొట్టటం నావల్ల కాదు. ఎనిమిదో క్లాసు దాకా చదివిన చదువు ఊరికే పోకూడదుగదా, అందుకని ఈ కాగితం.

మీ తమ్ముడు రాంబాబు మగ్గం దిగాడు. మీ బాబాయి పోయాక ఆరేళ్ళు లాగాడు పాపం. ముప్పై మూడేళ్ళకే నడుం పట్టేస్తోంది. ఇప్పుడు గ్యాసు కంపెనీ కాంట్రాక్టరు దగ్గర పైపులు అతికే పనిలో చేరాడు. విజయవాడలో పది రోజులు నేర్పించి, ఫొటో ఉన్న కార్డు ఇచ్చారు. దాన్ని మెళ్ళో వేసుకునే అన్నానికి కూర్చుంటున్నాడు. కోడలు వినీల తీయమంటే తీయడు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ పైపు మన వీధికే వస్తోంది. పసుప్పచ్చ ప్లాస్టిక్ పైపు, చుట్టలు చుట్టలుగా లారీలో తెచ్చి గాలిగోపురం అవతల దించారు. వంటగ్యాసు అందులోంచి నేరుగా పొయ్యికి వస్తుందట. సగం మంది సరేనన్నారు. పక్కింటి సాంబమూర్తి అన్నయ్య మాత్రం ససేమిరా అంటున్నాడు. "ఇనప గొట్టమైతే అర్థముంది. గ్యాసుకి ప్లాస్టిక్కేంటమ్మా? మా కుళాయికి పెట్టిన పైపే మొన్న ఎండాకాలం చీలి కూర్చుంది. మగ్గాల కింద బాంబు పెట్టించుకుంటామా?" అని వీధి మధ్యలో నిలబడి అడిగాడు. ఆయన మాటకి బరువుంది. అందరూ వెనక్కి తగ్గారు.

అప్పుడు ఎవరో అన్నారు, "వెంకటరావమ్మ అక్క కూతురు వడోదరలో ఈ పైపుల్నే పరీక్ష చేస్తుందిగా, ఆ అమ్మాయినే అడుగుదాం" అని. అందరూ నా వైపు తిరిగారు. నాకు కాస్త గర్వంగానే అనిపించింది, దాచుకోవటమెందుకు. మంచిదా, కాదా? ఆ ఒక్క మాట రాయి.

అక్కడ పప్పులో బెల్లం వేస్తారటగా. ఎలా తింటున్నావే?

మీ పిన్ని

వడోదర,
12 ఫిబ్రవరి 2025

ప్రియమైన పిన్నీ,

నీ గుండ్రటి అక్షరాలు చూసి ఎంత సంతోషమేసిందో! మా ఆఫీసుకి బిల్లులూ నోటీసులూ తప్ప ఉత్తరాలు రావు. మా గేటు దగ్గరి మనిషి కవరు అటూ ఇటూ తిప్పి చూసి మరీ ఇచ్చాడు.

సాంబమూర్తి మావయ్య అడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. దానికి నా జవాబు: ఆ పైపు మంచిదే. ఇనుము తడి నేలలో తుప్పు పడుతుంది. మన కృష్ణా మట్టిలో, ఉప్పు నేలల వైపు మరీను. ఈ ప్లాస్టిక్‌కి తుప్పు తెలియదు. రాజస్థాన్‌లో నూనె బావుల దగ్గర ఉప్పునీళ్ళు మూడేళ్ళకే ఇనప గొట్టాల్ని తినేస్తుంటే, అక్కడా ఇలాంటి జాతి పైపులే వేస్తున్నారు. మా దగ్గర వీటిని కాగే నీళ్ళ తొట్లలో ముంచి, లోపల ఒత్తిడి పెట్టి, నెలల తరబడి వదిలేస్తాం. ఎక్కడ ఓడుతుందా అని కాపలా కాయటమే నా ఉద్యోగం. కుళాయి పైపు ఎండకి చీలుతుంది. ఇది వేరే సరుకు, పైగా మట్టి కింద ఉంటుంది. నిశ్చింతగా ఒప్పుకోమని చెప్పు.

(ఇది రెండో కాగితం.) పైపు మంచిదైతే చాలదు పిన్నీ. ఓడేది ఎప్పుడూ అతుకు దగ్గరే. రెండు పైపుల కొసల్నీ ఒక తొడుగులో దూర్చి కరెంటు పెడితే, లోపల కరిగి ఒకటౌతాయి. దానికి ముందు పైపు పైపొరని స్క్రేపరుతో సన్నగా గీకెయ్యాలి. దుమ్మూ ఎండా తగిలిన పొర మీద అతుకు పట్టదు. నువ్వు అచ్చు అతికేటప్పుడు, పాత పడుక్కి కొత్త పడుగు కలపటానికి పోగుల కొసలు శుభ్రం చేసుకోవూ, అలాగన్నమాట. అతికాక, పైపుల్ని కదలకుండా పట్టి ఉంచే బిగింపు తీయకుండా చల్లారనివ్వాలి. గీకకపోయినా ఆ రోజు పరీక్షకి నిలబడుతుంది. అదే ప్రమాదం. తర్వాత ఎప్పుడో ఊడుతుంది. రాంబాబుకి ఈ ముక్క గట్టిగా చెప్పు. రోడ్డు తవ్వేవాళ్ళు కూడా కంపెనీకి చెప్పి తవ్వాలి.

పప్పులో బెల్లానికి అలవాటు పడిపోయాను. అమ్మకి చెప్పకు, పామర్రు నుంచి కారప్పొడి పంపటం మానేస్తుంది.

నీ మాధురి

మంగళగిరి,
4 మార్చి 2025

మాధురీ,

నీ ఉత్తరం వీధంతా విన్నది. వినీల చదివింది, నేను పక్కన నిలబడ్డాను. ఉప్పునీళ్ళ సంగతి వచ్చేసరికి సాంబమూర్తి అన్నయ్య తలూపాడు. "ఆ పిల్ల నా కళ్ళముందు పెరిగింది. అబద్ధం రాయదు" అని అందరికంటే ముందు తనే సంతకం పెట్టాడు. ఆయన పెట్టాక ఇంకెవరు ఆగుతారు? సాయంత్రానికల్లా కాగితం నిండిపోయింది.

ఒక్క మాట చెప్పాలి. రెండో కాగితం చదివించలేదు. అందులో రాంబాబు పేరుందిగా. నలుగురిలో వాడి పనిని శంకించినట్టుంటుందని మడిచి జాకెట్లో పెట్టుకున్నాను. నిన్న ఇంట్లో వాడికి మాత్రం చూపించా. చూసి మొహం మాడ్చుకున్నాడు. "అక్క ఏసీ గదిలో కూచుని రాస్తది. ఎండలో గోతిలో దిగితే తెలుస్తది" అన్నాడు. పట్టించుకోకు, మూడు రోజుల్లో మర్చిపోతాడు.

పని మాత్రం చకచకా చేస్తున్నాడే! వాళ్ళ సూపర్‌వైజరు రోజుకి ఎనిమిది అతుకులు వెయ్యమంటే, పోయిన వారం వీడు రోజుకి అంతకంటే ఎక్కువే వేశాడు. మన వీధి అయిపోయింది. ఇప్పుడు స్కూలు వీధిలో ఉన్నాడు.

మొన్న కొండమీద స్వామికి నీ పేరున పానకం పోయించాను.

పిన్ని

వడోదర,
11 మార్చి 2025

పిన్నీ,

రెండో కాగితం దాచెయ్యటం నాకేం బాగోలేదు. నేను రాసింది రెండు కాగితాలు కలిపి ఒక మాట. సగం చదివిస్తే అది నా మాట కాదు.

రోజుకి ఎనిమిదంటేనే చేతి నిండా పని. అంతకు మించి వేస్తున్నాడంటే, గీకటమన్నా మానెయ్యాలి, చల్లారకముందే బిగింపు అన్నా తీసెయ్యాలి. నాకు వేరే దారి కనపడటం లేదు. వాణ్ణి అడుగు. మొహం మాడ్చుకున్నా సరే అడుగు. నాకు ఫోను చెయ్యమను.

మాధురి

మంగళగిరి,
2 ఏప్రిల్ 2025

మాధురికి,

నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. వెంటనే రాయబుద్ధి కాలేదు. నీకు చదువుంది, ఉద్యోగముంది, ఒప్పుకుంటాను. కానీ పొద్దున ఏడింటికి వెళ్ళి ఒళ్ళంతా మట్టితో వచ్చే తమ్ముణ్ణి, దొంగపని చేస్తున్నాడన్నట్టు రాస్తావా? అడిగితే వాడు తిండి మానేస్తాడని అడగలేదు. నీ ఉత్తరం వాడి కంటబడింది. నీతో మాట్లాడనన్నాడు. మీ ఇద్దరి మధ్యా నన్ను పెట్టకండి.

గ్యాసు వదిలి రెండు వారాలైంది. మంట నీలంగా, నిలకడగా వస్తోంది. మసి లేదు. నీ మొదటి కాగితం నిజమే అయింది, అది చాలు నాకు.

ఎండలు ముదిరాయి. వడగాలికి పడుగు పోగులు పుటుక్కున తెగుతున్నాయని అందరూ తలుపులూ కిటికీలూ మూసుకునే నేస్తున్నారు. ఆ ఉక్కలో సాంబమూర్తి అన్నయ్య ఇంట్లో ఎలుకొకటి ఎక్కడో చచ్చినట్టుంది. మూడు రోజులుగా, కాళ్ళు దించుకుని నేసే మగ్గం గుంటలోంచి ఒకటే కుళ్ళు కంపు. ఆయన భార్య కనకలక్ష్మి వదిన గుంటలో రెండుసార్లు ఫినాయిలు పోసి కడిగింది, పోలేదు. నాకు చెవులు లేకపోయినా ముక్కుందిగా, గోడ ఇవతలికే తెలుస్తోంది.

ఉంటాను.

పిన్ని

వడోదర,
9 ఏప్రిల్ 2025

పిన్నీ,

నీ ఉత్తరం నిన్న పదకొండింటికి నా చేతికొచ్చింది. ఎలుక సంగతి చదవగానే ఫోను అందుకున్నాను. అది ఎలుక కాదు. గ్యాసు కారితే మనిషికి తెలియాలని అందులో ఆ కంపు కలుపుతారు. ఏడుసార్లు రాంబాబుకి ఫోను చేశాను. ఎత్తలేదు. వినీల ఫోను ఆపేసి ఉంది. కంపెనీ అత్యవసరం నంబరు వెతికి పట్టుకుని, వీధి పేరూ ఇంటి గుర్తులూ చెప్పి, వెంటనే వాల్వు కట్టెయ్యమన్నాను. అప్పటికి పన్నెండు కావస్తోంది.

ఒంటి గంటకి వినీల ఏడుస్తూ ఫోను చేసింది. సాంబమూర్తి మావయ్య ఇంట్లో గ్యాసు అంటుకుందనీ, చేతులు కాలాయనీ, మనిషి బతికే ఉన్నాడనీ అంది. అంతకుమించి ఆ పిల్ల మాట్లాడలేకపోయింది.

ఎలా ఉన్నాడు పిన్నీ? చేతులు ఎలా ఉన్నాయి? ఇంట్లో ఇంకెవరూ లేరు కదా? నీకు వీలున్నప్పుడు కాదు, ఈ కాగితం అందగానే రాయి. ఇంట్లో ఆ కంపు మళ్ళీ వస్తే స్విచ్చి కూడా ముట్టుకోకండి, తలుపులు తెరిచి బయటికి నడవండి. నలుగురికీ చెప్పు.

మాధురి

మంగళగిరి,
15 ఏప్రిల్ 2025

అమ్మా మాధురీ,

సాంబమూర్తి అన్నయ్య విజయవాడ ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణానికి భయం లేదన్నారు. రెండు చేతులూ మణికట్టు దాకా, కాళ్ళు మోకాళ్ళ దాకా కాలాయి. కనుబొమలు లేవు.

ఆ రోజు పన్నెండున్నరకి కరెంటు పోయింది. తలుపులు మూసే ఉన్నాయి. గుంటలో కాళ్ళు పెట్టుకు కూర్చున్న మనిషి, కరెంటొచ్చేదాకా ఒక బీడీ కాలుద్దామని అగ్గిపుల్ల గీశాడు. అంతే. నాకు వినపడలేదు, కానీ మా గోడ మీది పటం ఊడి పడింది. వెళ్ళేసరికి కనకలక్ష్మి వదిన నీళ్ళ బిందెతో నిలబడి ఉంది. అన్నయ్య చేతులు రెండూ పైకెత్తుకుని, "పడుగు కాలిందా? పడుగు కాలిందా?" అని అడుగుతున్నాడు.

నీళ్ళు పోస్తూండగానే కంపెనీ జీపు వచ్చేసింది. వీళ్ళకి ఇంత త్వరగా ఎవరు చెప్పారా అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. వాల్వు కట్టేశారు. తర్వాత నీ ఉత్తరం చూసి తెలిసింది. నువ్వు చేసిన ఆ ఫోనే లేకపోతే ఇంకెన్ని ఇళ్ళో.

ఇప్పుడు ఇంకో గొడవ. కంపెనీ మనిషి వచ్చి చూసి, పైపు వేశాక సాంబమూర్తి గుంట లోతు చేయించుకున్నాడు కాబట్టి గునపం తగిలి ఉంటుంది, తప్పు ఇంటివాళ్ళదే అని రాసుకుపోయాడు. కనకలక్ష్మి వదిన నా దగ్గరికొచ్చి, "మీ మాధురి రాసిందనేగా సంతకం పెట్టాడు, ఇప్పుడు ఆయన్నే దోషిని చేస్తారా?" అంది.

రాంబాబు ఆ రోజు నుంచి పనికి పోలేదు. పెరట్లో కూర్చుంటాడు. పెట్టింది తినడు.

నేనొకటి ఆలోచించాను. పైపే నాసిరకమని మీ ఆఫీసు కాగితం మీద నువ్వొక ముక్క రాసిస్తే అన్నయ్య మీదా మాట పడదు, వీడి మీదా పడదు. పైపు తయారు చేసినవాడు ఎక్కడో ఉంటాడు, వాడికేం కాదు. ఈ ఒక్కసారికి రాయమ్మా. నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు.

పిన్ని

వడోదర,
22 ఏప్రిల్ 2025

పిన్నీ,

నువ్వు అడిగింది నేను చేయలేను. ఈ వాక్యం రాయటానికి రెండు రోజులు పట్టింది.

పైపు చెడ్డదని రాస్తే ఏమౌతుంది? పైపు మారుస్తారు. మళ్ళీ ఆ చేతులే, అలాగే అతుకుతాయి. ఈలోపల పాత అతుకులు మట్టిలోనే ఉంటాయి. నాకు అన్నిటికంటే భయం ఆ అతుకుల గురించే. రోడ్డు మీద సిమెంటు పోశారు, గ్యాసుకి పైకి దారి లేదు. మట్టిలో పక్కకి పాకి, ఎక్కడ గుంట ఉంటే అక్కడ చేరుతుంది. మన వీధుల్లో గుంట లేని ఇల్లెక్కడుంది?

నా తప్పు కూడా చెప్పనీ. వీధంతా నా మాట కోసం చూస్తోందని నువ్వు రాస్తే నాక్కూడా గర్వమేసింది. అందుకే మొదటి కాగితంలో "నిశ్చింతగా" అని రాసేశాను. జాగ్రత్తలన్నీ వెనక కాగితానికి నెట్టాను. ముందే రాయాల్సింది అవే. నువ్వు దాచావని కోప్పడ్డాను కానీ, దాచటానికి వీలుగా రాసింది నేనే.

ఇవాళే కంపెనీ భద్రత చూసేవాళ్ళకి రాశాను, గునపం దెబ్బో అతుకు లోపమో తవ్వి చూడకుండా ఎలా తేలుస్తారని. మీ వీధి తవ్వుతారు. కానీ రాంబాబు ఇంకా ఏయే వీధుల్లో, ఏయే రోజుల్లో గీకకుండా అతికాడో వాళ్ళకి తెలియదు, నాకూ తెలియదు. వాడొక్కడికే తెలుసు. వాణ్ణి తిట్టకు పిన్నీ. కూర్చోబెట్టి ఒక్కటే అడుగు: ఎన్ని, ఎక్కడెక్కడ?

వాడు నా తమ్ముడు కాడని నేనెప్పుడూ అనుకోను.

మాధురి

మంగళగిరి,
18 జూన్ 2025

మాధురీ,

ఇన్నాళ్ళు రాయలేదని నీకు కోపం వచ్చి ఉండదు. వినీల ఫోనులో సగం చెప్పిందిగా. మిగతా సగం నేను చెప్పాల్సింది.

నీ ఉత్తరం అందిన రోజున నేనేం అడగలేదు. మర్నాడు పొద్దున వాడు పెరట్లో పళ్ళు తోముకుంటుంటే ఎదురుగా వెళ్ళి కూర్చుని అడిగాను. వాడు తల వంచుకుని ఏదో గొణిగాడు. "నాకు వినపడలేదురా, గట్టిగా చెప్పు" అన్నాను. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ వినపడలేదు. నా ఎడమ చెవి దగ్గరికొచ్చి చెప్పరా అన్నాను. అప్పుడు లేచి నిలబడి, గొంతు పగిలేలా అరిచాడు: "ముప్పై ఒకటి! ముప్పై ఒక్క అతుకులమ్మా! గీకకుండా ఏసింది!"

గోడవతల కనకలక్ష్మి వదిన చెంబు కింద పెట్టటం కనపడింది నాకు. ఆవిడకే కాదు, నాలుగిళ్ళకి వినపడింది.

అరిచాక వాడికి ఏడుపొచ్చింది, అన్నీ చెప్పాడు. స్క్రేపరు బ్లేడు విరిగిందట. కొత్తది అడిగితే సూపర్‌వైజరు, "వచ్చేదాకా గుడ్డతో తుడిచి కానీ. గాలి పరీక్షకి నిలబడితే చాలు" అన్నాడట. మూడు రోజులు అలా వేశాడు. ప్రతి అతుక్కీ ఫారంలో "గీకాను" అని టిక్కు పెట్టింది మాత్రం వీడే. నీ రెండో కాగితం చూసినప్పుడే వాడికి భయం వేసిందట. భయం వేసిందని ఒప్పుకోలేక నీ మీద కోపం తెచ్చుకున్నాడు. ఆ రోజు నీ ఫోన్లన్నీ చూశాడు. ఎత్తలేదు. అది చెప్పేటప్పుడు మాత్రం నా మొహం చూడలేకపోయాడు.

రెండో బస్సుకే విజయవాడ తీసుకెళ్ళాను. కంపెనీ ఆఫీసులో ముగ్గురు ఆఫీసర్ల ముందు నిలబడి, కాగితం మీద వీధులు గీసి, ఒక్కో అతుకు దగ్గరా చుక్క పెట్టాడు. ఒకాయన, "ఇది చెబితే నీకేమవుతుందో తెలుసా?" అన్నాడట. వీడు "తెలుసండి. స్కూలు గోడ పక్కన రెండున్నాయి, ముందు అవి తవ్వండి" అన్నాడట. తర్వాత వీడే నాకు చెప్పాడు.

ముప్పై ఒకటీ తవ్వారు. మిషన్లో పెట్టి లాగితే పదకొండు, అరటి దొప్ప ఊడినట్టు ఊడొచ్చాయి. స్కూలు గోడ దగ్గరివాటిలో ఒకటి అప్పటికే సన్నగా కారుతోంది. అన్నయ్య ఇంటి ముందరిదీ అతుకే ఊడింది, గునపం తగల్లేదని కంపెనీయే కాగితమిచ్చింది. సూపర్‌వైజరు మీదా కాంట్రాక్టరు మీదా కేసు పెట్టారు. రాంబాబు పేరూ ఉంది. కార్డు లాక్కున్నారు. సోమవారం సోమవారం స్టేషనుకి వెళ్ళి సంతకం పెట్టి వస్తున్నాడు.

నీ రెండో కాగితం నేనే వీధిలో నిలబడి చదివాను. నా గొంతు ఎంత పైకి వెళ్తోందో నాకు తెలియదు కాబట్టి అందరికీ బాగా వినపడిందట. దాచింది నేనేనని కూడా చెప్పాను. ఎవరైనా నన్ను తిడితే బాగుండుననిపించింది.

కొత్తగా అతుకులు వేసేటప్పుడు ప్రతి గోతి దగ్గరా ఇద్దరు ఆడవాళ్ళం గడియారం పెట్టుకుని కూర్చున్నాం. గీకిన పొరని మాకు చూపిస్తేగానీ కరెంటు పెట్టనివ్వలేదు. చల్లారేదాకా ఎవర్నీ బిగింపు ముట్టుకోనివ్వలేదు. ఆ కుర్రాళ్ళు విసుక్కున్నారు, తర్వాత వాళ్ళే మజ్జిగ అడిగారు. వీధిలో మళ్ళీ గ్యాసు వచ్చింది. సాంబమూర్తి అన్నయ్య ఇంటికి మాత్రం లేదు. కనకలక్ష్మి వదిన వద్దంది. వాళ్ళని ఒప్పించటానికి ఎవరూ వెళ్ళలేదు, నేనసలే వెళ్ళలేదు.

అన్నయ్య మే చివర ఇంటికొచ్చాడు. రాంబాబు రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ గుమ్మం ముందు నిలబడేవాడు. వదిన తలుపు తీసేది కాదు. ఐదో రోజున లోపలి నుంచి అన్నయ్యే, "రానియ్యవే వాణ్ణి. ఎన్నాళ్ళని నిలబడతాడు?" అన్నాడట. వెళ్ళి కాళ్ళ మీద పడ్డాడు. అన్నయ్య, "లెగరా. క్షమించానని అన్లేను. ఆ మాట నాకింకా రావట్లా. నువ్వు చెప్పకపోతే ఇంకో ఇల్లు కాలేది, అది మాత్రం నాకు తెలుసు" అన్నాడు.

అన్నయ్యకి ఇప్పుడు గుంటంటే భయం. మగ్గం దాకా వస్తాడు, ఒడ్డున ఆగిపోతాడు. అందుకని రాంబాబే ముందు దిగుతున్నాడు. కిటికీలన్నీ తెరిచి, గుంటలో అరగంట ఊరికే కూర్చుంటాడు. అన్నయ్య పీట మీద కూర్చుని వాణ్ణే చూస్తుంటాడు. పన్నెండు రోజులు ఇదే వరస.

నిన్న అన్నయ్య పీట మీంచి లేచి, వాణ్ణి పక్కకి జరగమన్నాడు. గుంటలోకి కాళ్ళు దించాడు. కుడిచేతి మూడు వేళ్ళు ఇంకా వంగటం లేదు, అందుకని ఆయన కాళ్ళతో తొక్కాడు, వీడు పక్కన నిలబడి, నాడె అటూ ఇటూ పరిగెత్తేలా పిడి లాగాడు. మధ్యాహ్నం దాకా బెత్తెడు గుడ్డ నేశారు. అంచు వంకర పోయిందని అన్నయ్య వాణ్ణి తిట్టాడట. రెండు నెలల తర్వాత నిన్న రాంబాబు ఇంటికొచ్చి, అన్నం పెట్టమని అడిగి తిన్నాడు.

నీ పిన్ని
వెంకటరావమ్మ